ఊరు, అమ్మ, అప్పు: సుమేరియన్ల మీద ఒక అర్ధరాత్రి పరిశోధన

రాత్రి పన్నెండున్నరకి ఫోన్ మోగింది. "మామా, సుమేరియన్లు మనోళ్లే. ప్రూఫ్ దొరికింది."

మెసేజ్ పెట్టినవాడు నా పాత హాస్టల్ రూమ్మేట్. ఎనిమిదేళ్ల కిందట నాకు 12,000 రూపాయలు బాకీ పడ్డాడు. ఆ సంగతి తర్వాత. ముందు వాడి సిద్ధాంతం. ఆధారాలు మూడు. సుమేరియన్‌లో నగరాన్ని 'ఉరు' అంటారు. అది మన ఊరే. తల్లిని 'అమ' అంటారు. అది మన అమ్మే. ఇక సుమేరు అంటే సాక్షాత్తూ మేరు పర్వతం. ఇంకేం కావాలి?

నిద్ర ఎలాగూ పోయింది కాబట్టి నేనూ పండితుణ్ణైపోయాను. ముందు మేరు పర్వతాన్ని కూల్చాను. 'షుమేరు' అన్నది పక్కింటి అక్కాదియన్లు పెట్టిన పేరు. వాళ్లు తమ దేశాన్ని 'కియెంగిర్' అనుకునేవాళ్లు, తమని తాము 'నల్లతలలవాళ్లు' అని చెప్పుకునేవాళ్లు.

"నల్లతలలు! చూశావా, మనమే!" అన్నాడు. వాడి తల మీద ఆ ఆధారం ఏటేటా తగ్గిపోతోంది. స్నేహధర్మం పాటించి ఆ వాదన ఎత్తలేదు.

'ఉరు' నిజమే, 'అమ' నిజమే. కానీ తల్లిని 'మ'తో పిలిచే భాషలు ప్రపంచం నిండా ఉన్నాయి. చంటిపిల్లల నోటికి తేలిగ్గా వచ్చే శబ్దం అది. పైగా జార్జియన్ భాషలో 'మామా' అంటే నాన్న. "ఆ లెక్కన ఇందాక నన్ను ఏమని పిలిచావో చూసుకో" అన్నాను. రెండు మాటలు కలిసినంత మాత్రాన భాషలు వియ్యమందవు. సుమేరియన్‌కి చుట్టమని రుజువైన భాష ఇప్పటిదాకా ఒక్కటీ లేదు.

"సరే, మనోళ్లు కాదు. మరి లోకంలో అందరికంటే ముందు రాత మొదలుపెట్టారు కదా, ఏం రాశారు? కావ్యమా, ప్రార్థనా?"

అక్కడ నాకు కొంచెం సిగ్గేసింది, వాళ్ల తరఫున.

ఇప్పటి దక్షిణ ఇరాక్‌లో ఉరుక్ అనే నగరం ఉండేది. క్రీ.పూ. 3200 ప్రాంతంలో అక్కడ తడిమట్టి పలకల మీద రెల్లు పుల్లతో గీసిన గుర్తులే మనకు దొరికిన తొలి రాతల్లో కొన్ని. అలాంటి పలకలు వేలల్లో దొరికాయి. ఎక్కువభాగం లెక్కలు: బార్లీ ఎంత, గొర్రెలు ఎన్ని, బీరు ఎంత, కూలీలకి తిండి ఎంత. మిగిలినవి గుమాస్తాలు నేర్చుకోడానికి రాసుకున్న పదాల జాబితాలు. ప్రేమలేఖ లేదు, పద్యం లేదు. సాహిత్యం అనదగ్గది కనపడ్డానికి ఇంకో ఆరేడు వందల ఏళ్లు పట్టింది. పైగా ఆ పలకల్లో చాలావాటిని వాళ్లే పనైపోయాక చెత్తలో పారేశారు. వాళ్ల చెత్తబుట్ట మన మొదటి గ్రంథాలయం.

ఒక పలక మీద ఇలా ఉంది: 29,086 కొలతల బార్లీ, 37 నెలలు, కుషిమ్. ఈ కుషిమ్ మనిషి పేరో, పదవి పేరో పండితులు ఇంకా తేల్చలేదు. మనిషే అయితే, రాతలో మిగిలిన అతి పాత పేర్లలో అదొకటి. రాజు కాదు, కవి కాదు, ప్రవక్త కాదు. బీరు కోసం బార్లీ లెక్క చూసినాయన.

రాత ఎలా పుట్టిందో సుమేరియన్లు కూడా ఒక కథ చెప్పుకున్నారు. ఎన్మెర్కర్ అనే రాజు దూరదేశపు ప్రభువుకి సందేశం పంపబోతే, అది మరీ పెద్దదై దూత నోరు మోయలేకపోయిందట. అప్పుడు రాజు మట్టిని తట్టి మాటల్ని దాని మీద పెట్టాడట. ఈ కథలో రాత పుట్టడానికి కారణం గుమాస్తా కాదు, బార్లీ లెక్కా కాదు. పుట్టుక గురించి కాస్త గొప్పగా చెప్పుకోవడం మనుషులకి అప్పట్నుంచే ఉంది. మా వాడి మేరు పర్వతం కూడా ఆ కోవలోదే.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. ఆ తర్వాతే అప్పు గుర్తొచ్చింది.

నోటిమాట అప్పుకి ఒక మంచి గుణం ఉంది. కాలం గడిచేకొద్దీ అరుగుతుంది. ఇద్దరూ కొంచెం కొంచెం మరిచిపోతారు, చివరికి ఒక పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు. రాసిపెట్టిన అప్పు అరగదు, పెరుగుతుంది. మెసొపొటేమియాలో బార్లీ అప్పుకి మామూలు వడ్డీ మూడో వంతు, వెండికి ఐదో వంతు. పంట పోతే కొడుకో కూతురో వెళ్లి షావుకారు ఇంట్లో చాకిరీ చేయాలి.

క్రీ.పూ. 2400 ప్రాంతంలో లగాష్‌ని ఏలిన ఎన్మెటెనా అనే రాజుని చూడండి. పొరుగున ఉన్న ఉమ్మా వాళ్లు వాడుకున్న బార్లీకి చక్రవడ్డీ కట్టి, ఎప్పటికీ తీర్చలేనంత మొత్తం తేల్చి శాసనం వేయించాడు. మనకు తెలిసిన అతి పాత చక్రవడ్డీ ప్రస్తావనల్లో అదొకటి. అదే రాజు ఇంకో శాసనంలో లగాష్ ప్రజలకి అప్పులు మాఫీ చేశానని, పిల్లల్ని తల్లుల దగ్గరికి తిరిగి పంపానని చెప్పుకున్నాడు. ఆ విడుదలకి వాళ్లు వాడిన మాట 'అమర్గి'. అక్షరాలా అర్థం: అమ్మ దగ్గరికి తిరిగి వెళ్లడం.

మా వాడి 'అమ' ఇక్కడ ఎదురైంది. స్వేచ్ఛ అనే అర్థంలో ఇంతకంటే పాత మాట రాతలో దొరకడం కష్టం. అందులో జెండా లేదు, నినాదం లేదు. ఇంటికెళ్లడం ఉంది.

అప్పు తీరితే పలక పగలగొట్టేవారు. రాజు మాఫీ ప్రకటించినా ఆ పలకలకి పని అయిపోయినట్టే. తర్వాతి కాలపు బాబిలోన్ రాజు అమ్మిసదుఖ, అప్పుని అమ్మకంగానో దాచుకోడానికి ఇచ్చిన సొమ్ముగానో పలక మీద మార్చి రాసే షావుకార్ల కోసం కూడా ఆజ్ఞలో ఏర్పాటు చేశాడు. రాత కనిపెట్టినవాళ్ల వారసులకి, రాసింది పగలగలగాలి అని కూడా తెలుసు.

అయితే పగలగొట్టడం ఎప్పుడూ మంచిదేనా? క్రీ.పూ. 1750 ప్రాంతంలో, నన్నీ అనే వ్యాపారి ఉర్ నగరపు ఎయా-నాసిర్‌కి ఫిర్యాదు రాశాడు. నాసిరకం రాగి అంటగట్టావు, నా మనుషుల్ని అవమానించావు అని. భాష అక్కాదియన్, లిపి సుమేరియన్ల నుంచి వచ్చినదే. ఈ పలక మీద మీమ్ చూడనివాళ్లు మనలో తక్కువ. ఎయా-నాసిర్ ఏం జవాబు చెప్పుకున్నాడో మనకు తెలియదు. ఒక పక్షమే విని నవ్వుతున్నాం. అలాగని ఆ పలక పగిలిపోయుంటే బాగుండేదని అనగలమా? మోసపోయానన్నవాడికి మిగిలింది ఆ గుప్పెడు మట్టే.

కాబట్టి నాకు తోచింది ఇది. "పోనీలే, మరిచిపో" అనే మాట బాకీ పడ్డవాడు అనకూడదు. పలక చేతిలో ఉన్నవాడే అనాలి. రాజులు చేసింది కొంతవరకు అత్త సొమ్ము అల్లుడు ధారపోయడమే. కష్టమైన పని, సొంత పలకని సొంత చేత్తో పగలగొట్టడం.

నా పలక ఒక స్క్రీన్‌షాట్. "నెలాఖరుకి ఇచ్చేస్తా మామా, ఒట్టు" అని ఎనిమిదేళ్ల కిందట వాడు పెట్టిన మెసేజ్. మూడు ఫోన్లు మార్చాను, అది నాతోనే వచ్చింది. డబ్బు కోసం కాదు, ఇవాళ అది పెద్ద మొత్తం కాదు. వాడి కంటే నేను మంచివాణ్ణి అనడానికి నా దగ్గరున్న ఒకే ఒక్క రసీదు అది.

అదే ఏడాది నాకు డెంగ్యూ వచ్చింది. ఎనిమిది రాత్రులు వాడు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద పడుకున్నాడు. దానికి స్క్రీన్‌షాట్ లేదు. కుషిమ్ పలక మీద కూడా బార్లీ ఉంది, నెలలు ఉన్నాయి. జ్వరం వచ్చిన రోజు ఆయన పని ఎవరు చేశారో లేదు. లెక్క కోసం పుట్టిన రాత, లెక్క అడగనివాళ్లని వదిలేసింది. నా ఖాతాలో నేను అప్పిచ్చినవాణ్ణి. ఆ వరండాని కూడా రాసి ఉంటే ఎవరికి ఎవరు బాకీయో నాకు తెలియదు.

"ఏంట్రా సైలెంట్ అయ్యావ్? ఒప్పుకున్నట్టేనా?" అన్నాడు.

స్క్రీన్‌షాట్ డిలీట్ చేశాను. ముప్ఫై రోజులు దాచి ఉంచుతాం, మనసు మారితే తీసుకోండి అంది ఫోన్. అక్కడా ఖాళీ చేశాను. తర్వాత టైప్ చేశాను: "'అమ' మాత్రం మనదే. ఊరి గురించి రేపు మాట్లాడుకుందాం."

వాడు గెలిచినవాడిలా నాలుగు ఎమోజీలు పెట్టాడు. వెనకాలే ఇంకో మెసేజ్: "అన్నట్టు మామా, ఒక 5,000 సర్దుతావా?"

పంపాను. ఈసారి స్క్రీన్‌షాట్ తీయలేదు.

తేదీ మాత్రం గుర్తుంది.