వెన్న మండుతుందా?

శనివారం రాత్రుళ్లు కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌లో అయిదుగురం కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. నలుగురికీ తలా ఒక పాత్ర. కథ నడిపేది నేను. గాబ్లిన్లు, వాన, సత్రం నడిపే ముసలావిడ, మిగతా లోకమంతా నా నోటి నుంచే పలకాలి. గల్లీ క్రికెట్‌లో బ్యాటింగ్ జట్టువాడే అంపైర్‌గా నిలబడతాడే, నాదీ అలాంటి ఇరకాటమే. కాకపోతే ఇక్కడ బౌలింగ్ నాదే, వేలెత్తేదీ నేనే.

రెండేళ్ల కిందటి తీర్పొకటి నన్నింకా వదల్లేదు. మాలో చిన్నది, ఆట అప్పుడప్పుడే నేర్చుకుంటున్న అమ్మాయి, గ్రీజ్ మంత్రం వేసింది. పదడుగుల చదరం మేర నేల జిడ్డోడుతుంది, అడుగుపెట్టినవాళ్లు జారిపడతారు. "అన్నా, దాని మీద కాగడా విసిరితే మండుతుందా?" అని అడిగింది. మండదన్నాను. కారణమూ చెప్పాను. 2014 నాటి నియమాల పుస్తకంలో సాలెగూడు అల్లే వెబ్ మంత్రం దగ్గర, అది మండుతుందనీ మండితే ఎంత నష్టమనీ రాసే ఉంది. గ్రీజ్ దగ్గర ఆ ఊసే లేదు. పైగా వెబ్ రెండో స్థాయిది, గ్రీజ్ మొదటిది. చిన్న మంత్రానికి నిప్పు కూడా ఊరికే ఇచ్చేస్తే పెద్ద మంత్రం నేర్చుకున్నవాళ్ల మాటేమిటి? సరే అన్నట్టు తలూపింది.

నెల తిరక్కుండానే నా పాత స్నేహితుడు అదే మంత్రం వేసి, అదే నిప్పు పెడతానన్నాడు. "మామా, ఈ మంత్రానికి కావలసిన సరుకేంటో చదువు. పంది తోలు ముక్కో, వెన్నో. వెన్న మండదారా?" బల్ల చుట్టూ ఒకటే కేరింతలు. అప్పటికి రాత్రి పన్నెండు దాటింది. మండుతుందనేశాను. చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయీ కొట్టింది. ఆ తర్వాత రెండు నెలలు నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. వంతు రాగానే కాగితం మీదున్న దాడి చదివి, పాచిక వేసి, ఊరుకునేది.

రెండు తీర్పులకీ తర్కం ఉంది. నాకు భయం వేసేది అక్కడే. ఏ జవాబుకైనా అప్పటికప్పుడు ఒక కారణం దొరుకుతుంది, అది నిజాయితీగానే తోస్తుంది. ఆ రాత్రి నేను తూచింది అడిగినవాడి గొంతుని. చొరవగలవాడికొక లోకం, మొహమాటస్తురాలికొక లోకం నడిపాను.

రాసిన నియమమా, అంపైర్ విచక్షణా అన్న ఈ పేచీ మా ఆట కన్నా చాలా పాతది. 1824లో ప్రష్యా సైన్యానికి రైస్‌విట్జ్ అనే యువ అధికారి ఇచ్చిన క్రీగ్‌స్పీల్ యుద్ధక్రీడ నిండా పట్టికలు, పాచికలు. వాటి బరువుకి ఆట కదలడం లేదని 1876లో అదే సైన్యపు అధికారి వెర్డీ దు వెర్నువా అంతా అంపైర్ విచక్షణకే వదిలేశాడు. ఆయన నమ్మింది యుద్ధం ఎరిగిన అధికారుల్ని. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ మా ఆటని అచ్చు వేశాక ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు. వారమంతా కోడ్ రాసి అలసిపోయిన నేను కూడా.

తీర్పు మార్చుకోవడం తప్పని నేననుకోను. వెన్న వాదన నిజంగానే బాగుంది. కానీ మార్చుకున్న క్షణాన, మొదట కాదనిపించుకున్న మనిషి వైపు తిరిగి ఆ మాట చెప్పాలి. నేనది చెప్పలేదు. అన్యాయం అందరి ముందూ జరిగింది కాబట్టి, ఆలస్యంగానైనా, తప్పు నాదని అందరి ముందే ఒప్పుకున్నాను. నలుగురం కాదు, అయిదుగురం కూర్చుని తేల్చాం: గ్రీజ్ మండుతుంది, మండితే జిడ్డు పోతుంది, ఇక ఎవరూ జారరు. 2024లో వచ్చిన కొత్త పుస్తకం అది మండని జిడ్డని ఒక్క మాటలో తేల్చేసింది. మేం మాత్రం మా ఒప్పందం మార్చలేదు.

ఇప్పుడు నా పక్కన ఒక నోటు పుస్తకం ఉంటుంది. ఎవరు కొత్త ఎత్తు వేసినా, ఏం జరగాలనుకుంటున్నారో ముందు అడుగుతాను. దాని ఖరీదేమిటో పాచిక దొర్లకముందే చెబుతాను. రేపు నా గాబ్లిన్ మాంత్రికుడు ఇదే మీ మీద ప్రయోగిస్తే ఒప్పుకుంటారా అనీ అడుగుతాను. ఆ మాటకి కొందరు నవ్వేసి వెనక్కి తీసుకుంటారు. ఒప్పుకున్నవి తేదీతో సహా రాసి పెడతాను.

మొన్న శనివారం ఒక ఇనుప తలుపు దగ్గర అందరూ ఆగిపోయారు. ఆ అమ్మాయి తన కాగితం పక్కన పెట్టి, "అన్నా, తాళం లోపలికి నీళ్లు పంపి గడ్డకట్టిస్తే అది పగులుతుందా?" అంది. నోటు పుస్తకంలో కొత్త పేజీ తిప్పాను.