మనకొక తూకం, పరులకొక తూకం

తూకంలో మోసం చేసేవారిని దివ్య ఖుర్ఆన్‌లోని ముతఫ్ఫిఫీన్ సూరా ఎంత తీవ్రంగా హెచ్చరించిందో పాఠకులకు తెలుసు. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకుంటారు, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గిస్తారు. ఇదీ వారి నేరం. మనం ఈ సూరాను సాధారణంగా బజారుకే పరిమితం చేసి చదువుతాం. కిరాణా కొట్టు త్రాసే మన కళ్ళ ముందు మెదులుతుంది. కాని ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) గారు తమ 'మఆరిఫుల్ ఖుర్ఆన్'లో ఈ మాటను హక్కులన్నిటికీ వర్తింపజేశారు. ఎవరి హక్కును తగ్గించి ఇచ్చినా అది తూకంలో మోసం చేయడమే.

ఈ మోసం ఎంత పెద్ద ఎత్తున జరగగలదో తెలుసుకోవాలంటే అమెరికా తొలినాళ్ళ చరిత్ర చూడాలి. మానవులంతా సమానులుగా సృష్టించబడ్డారని, స్వేచ్ఛ సృష్టికర్త ఇచ్చిన హక్కు అని 1776లో ఆ దేశం లోకానికి చాటింది. ఆ ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ జీవిత కాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలకు యజమాని. 1790లో జరిగిన మొదటి జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభా సుమారు 39 లక్షలు, అందులో దాదాపు 7 లక్షల మంది బానిసలు. బ్రిటిషు పార్లమెంటు తమపై పన్ను వేస్తే దాన్ని బానిసత్వమన్నవారు తమ పొలాల్లో కొరడా కింద పనిచేసే వారిని మాత్రం ఆస్తి అన్నారు. ఇది అన్యాయమని జెఫర్సన్‌కు తెలియదా అంటే, బాగా తెలుసు. దైవం ముందు దీనికి లెక్క చెప్పుకోవలసి ఉంటుందన్న భయాన్ని ఆయన తన రాతల్లో వ్యక్తం చేశాడు కూడా. అయినా 1826లో ఆయన చనిపోయాక అప్పులు తీర్చడానికి మరుసటి ఏడాది ఆయన ఇంటి బానిసలు సుమారు 130 మందిని వేలం వేశారు. తల్లులు ఒకరికి, పిల్లలు మరొకరికి వెళ్ళారు.

ఈ రెండు తూకాల సంగతిని బాహాటంగా ఎత్తి చూపిన తొలి వ్యక్తుల్లో కొందరు పాలకులు కారు. 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో నలుగురు క్వేకర్లు తమ మత సమావేశానికి ఒక విన్నపం రాశారు. క్వేకర్లంటే క్రైస్తవులలో ఒక శాఖ. అందులోని ఒక వాదన ముస్లిం పాఠకుడిని ఉలిక్కిపడేలా చేస్తుంది. సముద్రం మీద కొత్త ఓడ కనిపిస్తే, అది తుర్కులదేమో, మనల్ని పట్టుకుపోయి బానిసలుగా అమ్ముతారేమో అని మనం వణికిపోతామే, మరి ఈ నల్లవారి విషయంలో మనం చేస్తున్నది దానికంటే ఏం మెరుగు అని వారు నిలదీశారు. క్రైస్తవులమని చెప్పుకునే వారు చేస్తే అది ఇంకా ఘోరమన్నారు. మన పల్లెల్లో ముస్లింలందరినీ తురకలు అన్నట్లే, ఆనాటి ఐరోపా వాసుల నోట తుర్కులంటే తరచు ముస్లింలనే అర్థం.

ఆ విన్నపం ఒక సమావేశం నుంచి దాని పై సమావేశానికి వెళ్ళింది. విషయం చాలా బరువైనదని అందరూ ఒప్పుకున్నారు, పక్కన పెట్టారు. బానిసలను ఉంచుకునే వారికి తమ సంఘంలో చోటు లేదని ఫిలడెల్ఫియా క్వేకర్లు తేల్చి చెప్పడానికి 1776 దాకా పట్టింది. అంటే 88 ఏళ్ళు!

మధ్యలో ఆ త్రాసును సరిచేయడానికి జీవితాన్ని ధారపోసిన వారిలో జాన్ ఉల్మన్ (1720-1772) ఒకరు. న్యూజెర్సీలో ఒక దుకాణంలో గుమాస్తాగా ఉన్నప్పుడు, ఒక నల్లజాతి స్త్రీని అమ్ముతూ విక్రయ పత్రం రాయమని యజమాని ఆదేశించాడు. రాశాడు. కాని మనసు కుదుటపడలేదు. ఆ తర్వాత బానిసలను వారసులకు అప్పగించే వీలునామా రాయమని ఎవరు వచ్చినా, రాయనని చెప్పాడు, రాబడి పోయినా సరే. వడ్డీ తిన్నవాడితో పాటు దాని పత్రం రాసినవాడినీ, సాక్షులనూ దైవప్రవక్త (స) శపించిన హదీసు మనం మదరసాలో చదువుకున్నాం. కలం పట్టినవాడు నేరంలో భాగస్వామి అవుతాడన్న సంగతిని ఆ గుమాస్తా ఏ హదీసూ చదవకుండానే గ్రహించాడు. ప్రయాణాల్లో బానిసలున్న ఇంట ఆతిథ్యం పొందితే, తనకు సేవ చేసిన వారి చేతిలో డబ్బు పెట్టి వెళ్ళేవాడు. ఊరూరా తిరిగి యజమానులను ఒంటరిగా కలిసి మృదువుగా మాట్లాడేవాడు. బానిసల చెమటతో తయారైన చక్కెర మానేశాడు. మీ కింద పనిచేసేవారు మీ సోదరులు, మీరు తినేదే వారికి పెట్టండి అన్న ప్రవక్త (స) బోధనను ఏటా ఎన్నోసార్లు వింటూ, పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే మన ఇళ్ళు గుర్తుకు రాక మానవు.

1790లో తుర్కుల ప్రస్తావన మళ్ళీ వచ్చింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకప్పుడు బానిసలను ఉంచుకున్నవాడే, తన పత్రికలో వారి అమ్మకాల ప్రకటనలు వేసినవాడే. ముసలితనంలో పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. బానిసత్వానికి స్వస్తి పలకమని ఆ సంఘం కాంగ్రెసుకు పంపిన అర్జీపై సంతకం చేశాడు. జార్జియా సభ్యుడు జేమ్స్ జాక్సన్ దాన్ని ఎద్దేవా చేస్తే, ఫ్రాంక్లిన్ పత్రికలో ఒక వ్యంగ్య రచన చేశాడు. అల్జీర్స్ దర్బారులో సీదీ మెహ్మెత్ ఇబ్రాహీం అనే కల్పిత ముస్లిం పెద్దమనిషి నిలబడి, క్రైస్తవ బందీలను విడిచిపెట్టకూడదని వాదిస్తాడు. వాళ్ళు పోతే ఈ ఎండల్లో మన పొలాలు ఎవరు దున్నుతారు, యజమానుల నష్టం ఎవరు భరిస్తారు, వారి దేశంలో కంటే ఇక్కడే వారు సుఖంగా ఉన్నారు కదా! ఇవన్నీ జాక్సన్ వాదనలే, తలపాగా చుట్టుకుని వచ్చాయి. అది వెలువడిన నెల రోజులలోపే ఫ్రాంక్లిన్ మరణించాడు.

ఇది చదివి మనలో కొందరు నొచ్చుకోవచ్చు. మమ్మల్నెందుకు ఉదాహరణ చేశారని అడగవచ్చు. అల్జీర్స్‌లో క్రైస్తవ బందీలు నిజంగానే ఉండేవారు. కాబట్టి ఆ ఉదాహరణను తప్పుపట్టలేం. అంతకంటే చేదు నిజం ఒకటుంది. పశ్చిమాఫ్రికాలోని బుందూకు చెందిన అయ్యూబ్ బిన్ సులైమాన్ ధార్మిక పండితుడి కుమారుడు, హాఫిజ్. 1730 ప్రాంతంలో తండ్రి ఆయనను గాంబియా నది వద్దకు పంపాడు. ఎందుకు? ఇద్దరు బానిసలను అమ్మి కాగితం కొనుక్కు రావడానికి. అమ్మి తిరిగి వస్తుండగా ఆయననే పట్టుకుని ఆంగ్లేయులకు అమ్మేశారు. మేరీలాండ్ పొగాకు తోటల్లో ఆయన చాటుగా నమాజు చేసుకుంటుంటే ఒక తెల్ల కుర్రవాడు ముఖాన మట్టి కొట్టేవాడు. చివరకు అరబీలో రాసిన ఒక ఉత్తరం ఆయనను కాపాడింది. లండన్ చేరి, విడుదలై, జ్ఞాపకం నుంచే ఖుర్ఆన్ ప్రతులు మూడు రాసి, 1734లో స్వదేశానికి బయలుదేరాడు. ఆయన మీద జరిగిన అన్యాయం మనకు కన్నీరు తెప్పిస్తుంది. మరి ఆ ఇద్దరు? వారి పేర్లయినా మనకు తెలియవు.

హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి)ని కొని విడిపించిన ఉదంతం మన ప్రసంగాల్లో తప్పనిసరి. దాస్య విముక్తిని ఖుర్ఆన్ కష్టతరమైన కనుమ ఎక్కడంతో పోల్చింది. పాపాలకు పరిహారంగా నిర్ణయించింది. జకాత్ సొమ్ములో దానికొక పద్దు పెట్టింది. ఇదంతా సత్యం. కాని మన ప్రసంగం అక్కడితో ఆగిపోతుంది. ధర్మం సహించిన దానికీ, ధర్మం కోరిన దానికీ తేడా ఉంది. వెళ్ళమన్న దిక్కు స్పష్టంగా ఉన్నా, శతాబ్దాల పాటు మనవారు మొదటి మెట్టు మీదే కూర్చుండిపోయారు. సౌదీ అరేబియాలో బానిసత్వం రద్దయింది 1962లో, మారిటేనియాలో 1981లో. ఈ తేదీలు చెప్పకుండా జెఫర్సన్‌ను తిట్టడం కూడా తూకంలో మోసమే అని నా అభిప్రాయం.

అయితే దిక్కు గుర్తించిన వారు లేకపోలేదు. 1846లో ట్యునీసియా పాలకుడు అహ్మద్ బే బానిసత్వాన్ని రద్దు చేశాడు. హనఫీ, మాలికీ ముఫ్తీలు ఇద్దరూ దాన్ని సమర్థించారు. ఆ నిర్ణయానికి చెప్పిన కారణాలు మన ఫిఖ్హ్ నుంచే వచ్చాయి. ఈ బానిసలు షరీఅత్ ప్రకారం బానిసలైన వారేనా అన్నది సందేహాస్పదం, వారి పట్ల షరీఅత్ విధించిన బాధ్యతలను యజమానులు నెరవేర్చడం లేదు. బ్రిటిషు వారి ఒత్తిడి కూడా ఉన్న మాట నిజమే. ఆచరణ పూర్తిగా ఆగకపోవడంతో 1890లో మరో ఫర్మానా అవసరమైంది. అయినా ముఫ్తీల సమర్థన ఆ నిర్ణయానికి ఉంది, అది చిన్న విషయం కాదు.

1864లో అమెరికా అంతర్యుద్ధంలో మునిగి ఉంది. ట్యూనిస్‌లోని అమెరికా కాన్సల్ ఏమస్ పెర్రీకి ఒక సందేహం కలిగింది. బానిసలను విడిచిపెట్టాక మీ దేశంలో ఏం జరిగిందని నగర పాలక మండలి అధ్యక్షుడు హుసైన్‌ను అడిగాడు. ఆయన సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. స్వేచ్ఛ ఉన్న దేశాలే సుభిక్షంగా ఉంటాయని వివరించాడు. దాస్య విముక్తిపై ఇస్లాం బోధనలను వరుసగా పేర్కొన్నాడు. మీరూ విడిచిపెట్టండని అమెరికా ప్రజలకు విజ్ఞప్తి చేశాడు. జర్మన్‌టౌన్ వాసులు తుర్కులను చూపి తమవారిని సిగ్గుపడమన్న 176 ఏళ్ళకు, ఒక ముస్లిం అధికారి వారికి హితవు చెప్పే స్థితిలో ఉన్నాడు. అమెరికా రాజ్యాంగంలో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణకు ఆమోదం లభించింది ఆ మరుసటి ఏడాది, 1865 డిసెంబరులో.