తన మీద తానే సాక్షి

నిజం చెప్పమని అడిగే హక్కు ఎవరికి ఉంటుంది? చెప్పిన నిజానికి ఎంత నష్టం కట్టవలసి వస్తుందో ముందే తెలిసినప్పుడు కూడా చెప్పి తీరాలా? ఈ ప్రశ్న నీతిగ్రంథాల్లో కంటె మన బెంగళూరు పాత విమానాశ్రయం రోడ్డు మీద ఎక్కువ పదునుగా ఎదురవుతుందని నా అభిప్రాయం.

అక్కడ, విమానపుర దగ్గర, వైమానిక దళం వారి ఏరోస్పేస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1957లో మొదలైంది. 1984లో రోదసికి వెళ్ళిన రాకేశ్ శర్మను పరీక్షించిందీ, గగన్‌యాన్ కోసం నలుగురు పైలట్లను వడపోసిందీ ఇక్కడే. పత్రికల్లో ఆ సంగతులే వస్తాయి. కాని రక్తపోటో, నడుమునొప్పో, తలనొప్పో వచ్చి, మళ్ళీ విమానం ఎక్కనిస్తారా లేదా అని తేల్చుకోవడానికి వచ్చే పైలట్లూ ఆ గేటులోంచే లోపలికి వెళతారు. వాళ్ళ గురించి ఎవరూ రాయరు. వైమానిక దళంలో ఆరోగ్యానికి రెండు అక్షరాల లెక్క ఉంది. ‘ఎ’ అంటే ఆకాశం, ‘జి’ అంటే నేల. ఎ1, జి1 అయితే అన్నిటికీ పనికొస్తాడు. ‘ఎ’ పక్కన అంకె పెరిగినకొద్దీ మనిషికి ఆకాశం తగ్గుతూ వస్తుంది.

ఆ జబ్బుల్లో ఒక్కదాని గురించే చెబుతాను. మైగ్రేన్. మనం పార్శ్వపు నొప్పి అంటాం, కన్నడిగులు అరెతలెనోవు అంటారు. 2015లో ప్రచురితమైన నిమ్హాన్స్ వారి సర్వే ప్రకారం కర్ణాటకలో పెద్దవాళ్ళలో సుమారు నాలుగోవంతు మందికి ఇది ఉంది. అంటే ఈ పేజీ చదివే నలుగురిలో ఒకరికి నేను దీన్ని వర్ణించనక్కర్లేదు. కొందరికి నొప్పికి ముందు చూపులో ఒక మెరుపుగీత పుట్టి, రంపం పళ్ళలా వంకరలు పోతూ, చూపులో కొంత భాగాన్ని మింగేస్తుంది. అరగంటలో పోతుంది. నాలాంటివాడికి అరగంట అంటే కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలడం. గంటకు వెయ్యి కిలోమీటర్లు పోయేవాడికి అరగంట అంటే ఇంచుమించు ఇక్కణ్ణుంచి హైదరాబాదు.

నిద్ర తప్పడం, భోజనం వేళ తప్పడం, కళ్ళల్లో ఎండ కొట్టడం ఈ నొప్పిని లేపుతాయి. పైలట్ దినచర్యే అది. మందులు వాడవచ్చు గదా అంటారు. నివారణకు ఇచ్చే ప్రొప్రనలాల్ గుండె వేగాన్ని అణిచిపెడుతుంది. యుద్ధవిమానం మలుపు తిరిగేటప్పుడు ఒంటిబరువు ఐదారు రెట్లయితే మెదడుకి రక్తం ఎత్తిపోయవలసింది ఆ గుండే. టోపిరమేట్ కొందరికి మాట తడుముకునేలా చేస్తుంది.

అసలు చిక్కు ఇది కాదు. మైగ్రేన్ రక్తపరీక్షలో దొరకదు. స్కానింగ్ తీసేది మరో జబ్బు లేదని తేల్చుకోవడానికే. వైద్యుడికి ఉన్న ఆధారమల్లా రోగి నోటిమాట. గుండెజబ్బయితే యంత్రానికి చిక్కుతుంది. దీన్ని మాత్రం మోసేవాడే పట్టి ఇవ్వాలి. ముద్దాయీ సాక్షీ ఒకడే.

ముప్పై ఏళ్ళుగా బ్యాంకు ఉద్యోగంలో ఉన్నవాణ్ణి కనక నాకిది వింతగా తోస్తుంది. మా దగ్గర అప్పుకి వచ్చినవాడి మాటను మాటగా ఎవరూ నమ్మరు. కాగితం అడుగుతాం, మరోచోట సరిచూస్తాం. ఒక్క బీమా వాళ్ళే నీ జబ్బులు నువ్వే చెప్పమంటారు. వాళ్ళకు కూడా 1938 నాటి చట్టంలో 45వ సెక్షన్ ఉంది. 2015 సవరణ తర్వాత, పాలసీకి మూడేళ్ళు నిండితే దాచిన జబ్బు పేరు చెప్పి దాన్ని ప్రశ్నించకూడదు. చట్టానికి కూడా మనిషి మౌనం మీద కాస్త జాలి ఉందన్నమాట. ఆకాశానికి అలాంటి సెక్షన్ లేదు.

ఇక్కడ మనవాళ్ళకి ధర్మరాజు గుర్తుకు రాక మానడు. ద్రోణుడి ముందు మాట సగం పైకీ సగం లోపలికీ పలికినందుకు, నాలుగువేళ్ళ ఎత్తున నడిచే ఆయన రథం నేలకి దిగిపోయింది. పైలట్ విషయంలో కథ తలకిందులు. నిజం చెబితేనే రథం దిగుతుంది, సగం మింగితే గాలిలోనే ఉంటుంది. హరిశ్చంద్రుడు లేడా అంటారేమో. ఆయన రాజ్యం చివర్లో ఆయనకి వచ్చేసింది.

మా శాఖకి పింఛను పని మీద వచ్చే ఒక విశ్రాంత వింగ్ కమాండర్ గారున్నారు, ఒంగోలు వైపు వారు. ఈ నొప్పి వల్లే విమానం దిగారు. చెప్పకుండా ఉండిపోదామనిపించలేదా సార్, అని ఒకసారి అడిగాను.

“అనిపించడమేమిటండీ, రెండేళ్ళు చెప్పలేదు. తలనొప్పి ఎవరికి లేదు? నా ప్రాణం నా ఇష్టం అనుకున్నా. హకీంపేటలో ఒకరోజు కిరణ్ విమానంలో పక్కసీట్లో ఓ కుర్రాడున్నాడు. నాకు అతని మొహం సగమే కనబడింది. దిగినాక ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి వెళ్ళా.”

ఆ సగం మొహం దగ్గర ‘నా ప్రాణం నా ఇష్టం’ అనే వాదం నిలవదు. విమానంలో ఒక్కడే ఉన్నా నిలవదు. మారతహళ్ళి ఇళ్ళ మీదుగా విమానాలు ఎంత కిందుగా పోతాయో చూసినవాళ్ళెవరూ దాన్ని ఒప్పుకోరు. చెప్పి తీరాలనే నా తీర్పు కూడా. కాని తీర్పు అక్కడితో ఆగితే అది సగం తీర్పు. 2015 మార్చి 24న ఆల్ప్స్ కొండల్లో ఒక జర్మన్ విమానాన్ని సహపైలటే కావాలని కూల్చాడు. అతనితో కలిపి 150 మంది పోయారు. అతనిది మనోవ్యాధి, మైగ్రేన్ కాదు. పోలిక ఒక్కటే, దాచిపెట్టడం. పనికి వెళ్ళవద్దని డాక్టర్లు రాసిచ్చిన కాగితాలు సంస్థకు చేరలేదు. మరుసటి ఏడాది ఫ్రెంచి దర్యాప్తు సంస్థ, రోగి రహస్యాన్ని డాక్టరు ఎప్పుడు బయటపెట్టవచ్చో స్పష్టం చేయాలంటూనే, లైసెన్సు పోయిన పైలట్‌కి కలిగే జీవనోపాధి నష్టాన్ని తగ్గించే దారులు చూడమని కూడా చెప్పింది. మొదటి మాట అందరికీ నచ్చుతుంది. రెండోది ఖర్చుతో కూడింది.

అమెరికా తొలి ఏడుగురు వ్యోమగాముల్లో ఒకడైన డీక్ స్లేటన్‌ని గుండె లయ తప్పుతోందని 1962లో ఆపేశారు. ఆపి ఇంటికి పంపలేదు. ఎవరు ఎప్పుడు రోదసికి వెళ్ళాలో నిర్ణయించే పని అప్పగించారు. 1972లో మళ్ళీ అనుమతి ఇచ్చారు, 1975లో 51వ ఏట వెళ్ళొచ్చాడు. ఎదురుచూసిన ఆ ఏళ్ళలో ఆయన పనికిరానివాడు కాలేదు. నిజం చెప్పినవాడికి సంస్థ బాకీ పడేది ఇదే అనుకుంటాను. జీతంలో ఎగిరే భత్యం తెగి, ప్రమోషన్ల వరసలో వెనకబడి, మెస్సులో కుర్రాళ్ళ జాలిచూపు భరించవలసి వస్తుందంటే, ఆ ధర పెంచినవాళ్ళే నిజాయితీ కరువైందని వాపోవడం నాకు న్యాయంగా కనబడదు.

వింగ్ కమాండర్ గారిని మళ్ళీ ఎగరనివ్వలేదు. సిమ్యులేటర్ మీద పాఠాలు చెప్పే పని ఇచ్చారు, ఆయన దాన్ని ప్రేమించారు కూడా. కుర్రాడు కూర్చోగానే ఆయన మొదట అడిగేది, రాత్రి నిద్రపోయావా, పొద్దున్న తిన్నావా అని.

“ఏం చెప్పేవాళ్ళు సార్?”

“అందరూ ‘యస్ సార్’ అనేవాళ్ళండీ,” అని నవ్వారు.