పిక్క దాచాలా, పప్పు చాలా?

కొత్త కెమెరా కొన్నవాడికి మెనూలో ఓ మూల చిన్న ప్రశ్న ఎదురవుతుంది: బొమ్మని ‘రా’గా దాచాలా, ‘జేపెగ్’గా దాచాలా? అదేదో యంత్రాల గొడవలే అనుకుని చాలామంది కెమెరా చూపినదానికే తలూపేస్తారు. నన్నడిగితే అది ధర్మసందేహం. మనం చూసినదాంట్లో ఏది పారెయ్యాలో ఇప్పుడే, ఇక్కడే, ఇంకెవరో నిర్ణయిస్తే మనకి సమ్మతమేనా అని దాని అర్థం.

పలాస వైపు వారికి ఈ సంగతి చిటికెలో బోధపడుతుంది. తోటనించి వచ్చిన జీడిపిక్క అలాగే తినడానికి పనికిరాదు. పెంకులోని జీడి అంటుకుంటే చెయ్యి పొక్కుతుంది. దాన్ని కాల్చో ఉడికించో పగలగొట్టాలి, పొర తియ్యాలి. ఇంతా చేస్తే బస్తాలో మూడో వంతు కూడా పప్పు దిగదు. అయితే పప్పుని వెంటనే నోట్లో వేసుకోవచ్చు. రా ఫైలు పిక్క, జేపెగ్ పప్పు.

కొంచెం లెక్క చూద్దాం. కెమెరా లోపలి సెన్సారు వెలుగుని సాధారణంగా 12 బిట్లలోనో 14 బిట్లలోనో కొలుస్తుంది. అంటే చీకటికీ వెలుగుకీ మధ్య 4,096 మెట్లు, లేకపోతే 16,384 మెట్లు. జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకి 8 బిట్లే, అంటే 256 మెట్లు. పైగా బొమ్మని అటు ఎనిమిది, ఇటు ఎనిమిది చుక్కల గళ్లుగా కోసి, కంటికి ఆననివన్నీ అవతలికి విసిరేస్తుంది. అందుకే అది చిన్నది, చురుకైనది. రా ఫైలేమో దానికి మూడు నాలుగు రెట్ల బరువుతో డిస్కుమీద బైఠాయిస్తుంది.

అలాగని జేపెగ్‌ని దుర్మార్గుణ్ణి చెయ్యకండి. దానికి వెన్నెముకలాంటి గణితం 1974లో ఒక వ్యాసంగా వెలువడింది. రాసినవారు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. ఈ మూడో ఆయన కామిశెట్టి రామమోహనరావుగారు. పేరు వింటేనే మనవారని తెలుస్తోంది గదా! అమెరికాలో, టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో పాఠాలు చెప్పేవారు. ఆ గణితం మీదనే 1992లో జేపెగ్ ప్రమాణం నిలబడింది. అది లేకపోతే డల్లాస్‌లో మనవడి బోసినవ్వు బొబ్బిలిలో అమ్మమ్మ ఫోనులోకి క్షణంలో వచ్చి వాలేదా? అసలు మన జ్ఞాపకశక్తి చేసేదీ ఆ పనే. చూసినదల్లా దాచుకుంటే మతిపోతుంది. పారెయ్యడం పాపం కాదు సుమండీ, బతకడంలో ఒక భాగం.

చిక్కల్లా ఎక్కడంటే, పారేసేవాడికి పారేసినదాని విలువ తెలియకపోవడంలో. దసరా వెళ్లిన తరవాత మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఊరేగుతుంది. పొడుగాటి మాను కొసని పూజారి కూర్చుంటారు. గుడినించి కోట దాకా మూడుమార్లు తిరుగుతుంది. కింద ఇసకవేస్తే రాలని జనం, పైన మెరిసిపోయే ఆకాశం. ఆ ఆకాశం ముందు మనిషి ముఖం నీడలో పడుతుంది. సిరిమానంటే ఏమిటో ఎరగని యంత్రం ఆకాశాన్ని ఉంచుకుని ముఖాన్ని నల్లటి ముద్ద చేస్తుంది. రా ఫైలుంటే ఆ నీడని తరవాత తీరిగ్గా తవ్వి కళ్లూ ముక్కూ చాలావరకు బయటికి తియ్యవచ్చు. జేపెగ్‌లో అయితే తవ్వడానికి మిగిలేది బహు తక్కువ.

‘అయితే సత్యం రాలోనే ఉందన్నమాట’ అంటారేమో. అదీ అంత తేలిక కాదు. రా అనేది ఇంకా బొమ్మే కాదు, బొమ్మకి ముడిసరుకు. ఎవరో కూర్చుని వండాలి, వండేవాడు తన ఇష్టప్రకారం ఉప్పూ కారం వేస్తాడు. అందుకే 2015 నవంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ తనకి బొమ్మలు పంపే స్వతంత్ర ఫోటోగ్రాఫర్లని, రా నించి తయారుచేసినవి పంపవద్దంది. కెమెరా తనంత తాను తీసిన జేపెగ్గే కావాలంది. వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీవారేమో, బహుమతికి దగ్గరపడ్డవాళ్లని కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు తెచ్చి చూపించమంటారు. ఒకరు వంటవాణ్ణి నమ్మరు, రెండోవారు వంట రుచి చూసి సరుకు కూడా చూపించమంటారు. ఇద్దరికీ కావలసింది నిజమే. అది ఫైలులో లేదు, చేసేవాడి చేతిలో ఉంది.

శాసనాలు చదివే పండితులు ఈ ముడి ఏనాడో విప్పుకున్నారు. రాతిమీద తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా అద్ది, పైన సిరా పూసి అచ్చు తీస్తారు. దాన్ని చదివి పాఠం ప్రకటిస్తారు. అంతటితో ఆ కాగితాన్ని పారెయ్యరు. రేపు ఇంకో పండితుడు వచ్చి, ‘అది మకారం కాదయ్యా, వకారం’ అనవచ్చు గదా! శ్రీముఖలింగం గుడి శాసనాల లిపిని గిడుగు రామమూర్తి పంతులుగారు సొంతంగా నేర్చుకుని చదవగలిగారంటే, రాయి తన మాటని కుదించుకోకుండా ఉంచింది కనకనే.

దీన్నిబట్టి నాకు తోచిన ధర్మం ఇది. మనది మాత్రమే అయినదాన్ని మన ఇష్టం వచ్చినట్టు కుదించుకోవచ్చు. నిన్న తిన్న పెసరట్టు బొమ్మకి రా ఎందుకు? ఎవరూ తెరవని లక్ష ఫైళ్లు పోగెయ్యడం కూడా లోభమే. కాని ఇంకొకరికి హక్కున్నదాన్ని, మళ్లీ జరగనిదాన్ని, వాళ్లని అడక్కుండా కుదించే అధికారం మనకి లేదు. పెళ్లి గ్రూపు ఫోటోలో వెనక వరసలో, స్తంభం నీడలో తాతమ్మ నిలబడి ఉంటుంది. ఆ రోజున అందరి చూపూ పెళ్లికూతురి మీదే. ఓ పదేళ్లకి గోడమీద పటం కట్టించడానికి ఆవిడ ముఖం ఎక్కడా దొరక్కపోతే, ఆ నీడలోనే వెతుక్కోవాలి. ఆనాడు అనవసరమన్నది ఈనాడు ఇంటిల్లిపాదికీ ప్రాణం.

కాబట్టి పప్పు అందరికీ పంచిపెట్టండి, తప్పులేదు. నాలుగు పిక్కలు మాత్రం ఓ మూల దాచండి. పొర తీసిన పప్పుని ఎంత మంచి నేలలో పాతినా మొక్క రాదు.