బట్టల బండ

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారింట్లో నాకు బాగా నచ్చింది బావి పక్కన పరిచిన బట్టల బండ. ముగ్గురం కూర్చుని ఉతుక్కోవచ్చు. ఇంత పెద్ద బండ ఎక్కడ దొరికిందని ఓనాడు అడిగాను. అత్తమ్మ చీర జాడిస్తూ, "రాకాసి గుళ్ళకెల్లి తెచ్చిండ్రు బిడ్డా, మీ మామ బావి కట్టిచ్చినప్పుడు" అంది.

మాది ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో సుల్తానాబాద్ పక్క పల్లె. చేలో గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద రాళ్ళుండేవట. మనుషుల వల్ల అయ్యే పని కాదు కనుక రాక్షసులే కట్టారని ఆ పేరు. దగ్గర్లోని కదంబాపూర్‌లో పురావస్తు శాఖవాళ్ళు తవ్వింది ఇలాంటివే. అవి సమాధులు. ఇనుము వాడకం నేర్చిన కాలపు మనుషులవి, రెండు మూడు వేల ఏళ్ళనాటివి. పోయినవాళ్ళ పక్కన ఎర్రకుండలూ నల్లకుండలూ ఇనుప పనిముట్లూ పెట్టి, పైన బండ కప్పేవారు. అంటే ఇన్నాళ్ళూ నేను సబ్బు రుద్దింది ఎవరి తల్లికో కప్పిన బండ మీద!

"పాపం కాదా అత్తమ్మా?" అన్నాను.

"సచ్చినోళ్ళకు బండెందుకు? బతికినోళ్ళకు నీళ్ళు గావాలె."

కరువు చూసిన మనిషి. ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ సరైనది లేదు.

కాని అదే చేలో నిలువుగా పాతిన రాయి ఒకటి ఇంకా ఉంది. నాగలి దాన్ని తప్పుకుని పోతుంది. కారణం, ఎప్పుడో ఎవరో దానికి పసుపు పూసి పోచమ్మ అన్నారు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లోనూ ఇదే కథ. కృష్ణ ఒడ్డున నిలబడ్డ అక్కడి రాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఊరివాళ్ళకు మాత్రం అవి నిలురాళ్ళ తిమ్మప్ప. ఒకదాన్ని ఎల్లమ్మగా కొలుస్తారు.

పసుపు పడ్డ రాయి దక్కింది. పడనిది మన బావులకూ గడపలకూ పోయింది. భయముంటేనే మర్యాదా? ఇళ్ళల్లో మాత్రం? గట్టిగా అరిచే అత్తకు వేడి వేడి అన్నం, నోరులేని మేనత్తకు అడుగంటిన గిన్నె. (మా ఇంటి సంగతి కాదు లెండి!) ఆ బండలు లాగినవాళ్ళు ఎంత చాకిరీ చేసి ఉంటారు! పోయిన మనిషి వల్ల ఇక పైసా లాభం లేదని తెలిసే కదా చేసింది.

వాషింగ్ మెషిన్ వచ్చాక బండ ఖాళీగా పడివుంది. మొన్న మా మరిది కొత్త గది పునాదికి దాన్ని పగలగొట్టిస్తానన్నాడు. వద్దన్నాను. తెచ్చిన చోటే పెట్టించుదామన్నాను.

"ట్రాక్టర్ కిరాయి మీరే ఇయ్యాలె వదినా" అని నవ్వాడు. సరేనన్నాను.

అత్తమ్మ మంచం మీదనుంచి అంతా వింది.

"తీస్కపోతె తీస్కపో గని, ఏ గుడిదో నీకెర్కనా? అండ్ల పది గుళ్ళుండె. అన్నీ దున్నిరి."