బెళ్ళందూరు పొద్దుటి పెనం

బెంగళూరులోని బెళ్ళందూరు అపార్టుమెంట్లలో పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసులకు ఉరుకులు పెట్టే తెలుగువాళ్లు ఎందరో. ఇడ్లీపిండి నిండుకున్న రోజున అయ్యంగార్ బేకరీ బ్రెడ్డే దిక్కు.

శాండ్‌విచ్‌కి అసలు చిక్కంతా తడితోనే. టమాటా, కీరా నీరు వదిలితే బ్రెడ్డు మెత్తబడిపోతుంది. అందుకే ముందుగా అంచుల దాకా వెన్న రాయాలి, ఆ కొవ్వు నీటిని ఆపుతుంది. దానిమీద కొత్తిమీర పచ్చడి, ఉడికిన బంగాళాదుంప చక్రాలు, గింజలు తీసేసిన టమాటా, చిటికెడు మిరియాలపొడి. చీజ్ లేకపోయినా లోటేమీ ఉండదు. ఉప్పు మాత్రం చివర్లోనే; ముందే చల్లితే కూరముక్కల్లో నీరు ఊరుతుంది.

పైన మరో బ్రెడ్డుముక్క మూసి పెనంమీద కాల్చేటప్పుడు మంట మధ్యస్థంగా పెట్టాలి. సుమారు 140 డిగ్రీల సెల్సియస్ వేడికి బ్రెడ్డులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి ఎర్రటి రంగునీ కమ్మటి వాసననీ తెస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ 1912లో వివరించిన చర్య ఇది.

డబ్బాలో సర్దేముందు కాస్త ఆరనివ్వాలి. వేడిమీద మూత పెడితే ఆవిరికి ఆ కరకర కాస్తా పోతుంది.