ప్రవర్తన చిట్టా లేని ప్రార్థన

1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలను వెంటబెట్టుకుని అండమాన్‌లో దిగాడు. అప్పటినుంచి చాలాకాలం ఈ నేల మీద ఖైదీ బతుకు ఒక చిట్టా మీదే నడిచింది. అది ప్రవర్తన చిట్టా. ఏళ్ల తరబడి గట్టి చాకిరీ చేశాక, చిట్టాలో మచ్చ లేదనిపించుకున్నవాడికి ఒక టికెట్ దొరికేది. టికెట్ ఉంటే పొలం చేసుకోవచ్చు, గొడ్డూగోదా పెట్టుకోవచ్చు, పెళ్లి కూడా చేసుకోవచ్చు. పోర్ట్‌బ్లెయిర్ చుట్టుపక్కల చాలా పల్లెలు అలాంటి టికెట్ మనుషులు దున్నిన నేలలే. అధికారి ఎదుట లోపలి మాట దాచుకోవడం వాళ్లకు గుణం కాదు, గతి.

ఆ చిట్టా పోయినా జైలు పోలేదు. సెల్యులార్ జైలు ఇప్పుడు చూడ్డానికి వెళ్లే చోటు. జిల్లా జైలు మాత్రం ప్రోతరాపూర్‌లో నడుస్తోంది. విచారణలో ఉన్న మనిషి ఏ జైల్లోనైనా ఆచితూచి మాట్లాడతాడు. ఏ మాట ఎక్కడ రాసుకుంటారో, రేపు బెయిలుకు ఏది అడ్డం వస్తుందో తెలియదు. వకీలు చెప్పమన్నంతే చెబుతాడు. దాన్ని తప్పుపట్టలేం.

గోడల బయట ఉన్నవాళ్లం కూడా దేవుని ముందు అలాగే మాట్లాడతాం, అదీ ఆశ్చర్యం. శ్రీకాకుళం నుంచి, విశాఖ నుంచి పొట్ట చేతపట్టుకుని దీవులకు వచ్చిన తెలుగువాళ్లు తమతోపాటు ప్రార్థనల భాషనూ తెచ్చుకున్నారు. ‘మహా పరిశుద్ధుడవైన తండ్రీ’ అని మొదలుపెడితే స్తోత్రాల మీద స్తోత్రాలు దొర్లుకుంటూ వస్తాయి. చక్కని భాష, దాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. కానీ తమ్ముడితో పొలం తగాదా, తీరని అప్పు, పక్కింటివాళ్ల మీద కడుపుమంట, రాత్రి సీసా మూత తీసిన చెయ్యి, ఇవేవీ ఆ ప్రవాహంలో కనబడవు. ‘నా పాపములన్నియు క్షమించుము’ అని మొత్తంగా కట్టగట్టి ఒక్క మాటలో అప్పజెప్పేస్తాం. మూట విప్పం.

లూకా సువార్త 18వ అధ్యాయంలో ఇద్దరు మనుషులు దేవాలయానికి వెళతారు. పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటాడు, సంపాదనలో పదోవంతు ఇస్తాడు, అదే దేవునికి చెప్పుకున్నాడు. గమనించండి, అందులో అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పినదంతా నిజమే. ఆయన చేసిందల్లా తన ప్రవర్తన చిట్టా చదివి వినిపించడం, పక్కవాడి చిట్టాతో పోల్చుకోవడం. సుంకరి దగ్గర చదవడానికి ఏమీ లేదు. కళ్లు కూడా పైకెత్తకుండా, తాను పాపినని, కనికరించమని మాత్రమే అన్నాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతడే అన్నాడు యేసు. అబద్ధం ఆడకపోతే చాలు నిజాయితీ ఉన్నట్టే అనుకునే మనలాంటివాళ్లకు ఈ ఉపమానం కాస్త ఇబ్బందికరమే.

యాకోబు సంగతి చూడండి. కళ్లు కనబడని తండ్రి నువ్వెవరని అడిగితే ఏశావునని చెప్పి దీవెన కాజేశాడు. ఇంట్లోంచి పారిపోయి, మామ దగ్గర ఇరవై ఏళ్లు చాకిరీ చేసి, తిరిగొస్తూ యబ్బోకు రేవు దగ్గర ఒంటరిగా మిగిలాడు. రాత్రంతా ఒక మనిషితో పెనుగులాట. వదిలిపెట్టను, దీవించమంటాడు. అప్పుడు ఎదురైన ప్రశ్న ఒక్కటే: నీ పేరేమిటి? అడిగినవాడికి తెలియక కాదు. వెనక ఒకసారి ఇదే ప్రశ్నకు తప్పు జవాబిచ్చినవాడు, ఈసారి సొంత పేరు చెప్పాడు. ఆ తర్వాతే దీవెన. తుంటి తొలిగి కుంటుకుంటూ నడిచాడన్న మాటనూ బైబిలు దాచలేదు.

నిజం చెప్పుకోవడమంటే తప్పులు ఒప్పుకోవడం ఒక్కటే కాదు. ఫిర్యాదు చెయ్యడం కూడా. ఇది మన సంఘాలకు ఇంకా కష్టం. 2004 డిసెంబరు 26 ఆదివారం. ముందురోజే క్రిస్మస్. తెల్లవారి ఆరున్నర కావస్తుండగా భూమి కంపించింది, ఆ వెంటనే సముద్రం కార్‌ నికోబార్ మీదికి లేచింది. బిషప్ జాన్ రిచర్డ్‌సన్ జీవితమంతా సేవచేసి, లేఖనాలను సొంత భాషలోకి తెచ్చి పెట్టిన జనం అక్కడివాళ్లు. ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవాళ్లు ఓడల్లో, విమానాల్లో పోర్ట్‌బ్లెయిర్ శిబిరాలకు చేరారు. అలాంటి మనిషి ఎదుట ‘అంతా దేవుని చిత్తం’ అనెయ్యడం తేలిక. అన్నవాడి గుండె కుదుటపడుతుంది, విన్నవాడిది కాదు.

కీర్తనల గ్రంథం ఆ తొందర పడదు. 150 కీర్తనల్లో దాదాపు మూడోవంతు మొరలే. ఎన్నాళ్లు మర్చిపోతావు, ఎందుకు ముఖం దాచుకున్నావు అని దేవుణ్ణే నిలదీస్తాయి. చాలావరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి. 88వ కీర్తన తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని పరిశుద్ధ గ్రంథంలోంచి తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. సిలువ మీద యేసు కూడా 22వ కీర్తన మొదటి మాటతోనే కేక వేశాడు. ఆ కేకలోనూ ‘నా దేవా’ అన్న పిలుపు ఉంది. దేవుణ్ణి వదిలేసినవాడు వెళ్లి ఇంకెవరితోనో ఆయన గురించి ఫిర్యాదు చేస్తాడు. నమ్మినవాడు ఆయన ముఖం మీదే అడుగుతాడు.

నిజం చెప్పడం మన చేతిలో పనేనా అంటే పూర్తిగా కాదు. హృదయం అన్నిటికంటే మోసకరమైనదని యిర్మీయా హెచ్చరిస్తాడు. మనకు మనమే చెప్పుకునే అబద్ధాలు ఆరితేరినవి. అందుకే 139వ కీర్తన రాసినవాడు నన్ను వెదికి చూడమని దేవుణ్ణే వేడుకున్నాడు. ఆత్మీయంగా ఎదగడం నాకు తెలిసినంతలో ఇదే: నిరుడు కనబడని మచ్చ ఈ ఏడు కనబడటం, దాన్ని పేరుపెట్టి చెప్పగలగటం.

మన కూటాల్లో సాక్ష్యాలన్నీ కష్టం గట్టెక్కాక చెప్పేవే. జబ్బు నయమైంది, ఉద్యోగం వచ్చింది, స్తోత్రం. నడిమధ్యలో ఉన్నవాడు లేచి, ‘ఇంకా తీరలేదు, దేవుని మీద కోపంగా ఉంది’ అంటే వెంటనే సర్దిచెప్పడానికి నలుగురు లేస్తారు. యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు అతని పక్కన నేలమీద మౌనంగానే కూర్చున్నారు. తర్వాత దేవుని తరఫున వకాల్తా పుచ్చుకుని వాదించారు. చివర్లో దేవుడు వాళ్ల వాదన కొట్టేశాడు. తాను పుట్టిన రోజునే శపించుకున్న యోబులా మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదన్నాడు. ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లు తోలుకుని ఆ యోబు దగ్గరికే వెళ్లమని, మీకోసం అతను ప్రార్థిస్తే వింటానని చెప్పి పంపించాడు.